మనుషుల డిపార్ట్‌మెంట్‌కు ప్రమోషన్

మా కాలేజీ గేటుకు సోమవారం కొత్త ఫ్లెక్సీ కట్టారు. పైన "హ్యుమానిటీస్ వారోత్సవాలు" అని బంగారు రంగు అక్షరాలు. కింద ఒక మూల మా చరిత్ర సార్ ఫోటో, దాని కింద "మా స్ఫూర్తిప్రదాత" అని. ఆయన పక్కనే, ఫ్లెక్సీ వేయించిన బిర్యానీ హోటల్ వాళ్ల కోడి. కోడి సార్ కంటే పెద్దగా ఉంది.

ఆటో దిగి అక్కడే నిలబడిపోయాను. రోత పుట్టింది అంటే తక్కువ చెప్పినట్టే. మూడేళ్ల కింద బీఏ గ్రూపు ఎత్తేసిన కాలేజీ ఇది. ఇప్పుడు తనిఖీ బృందం వస్తోంది. వాళ్ల ఫారంలో "హ్యుమానిటీస్ ప్రోత్సాహానికి ఏం చేశారు" అనే గడి ఒకటి ఖాళీగా ఉందట. దాన్ని నింపడానికి చనిపోయిన మనిషి ఫోటో కావాల్సి వచ్చింది. ఉన్నన్నాళ్లూ గంజి పోయనివాడు పోయాక గోదానం చేశాడని మా అమ్మమ్మ అంటుండేది.

సార్ పేరు నేను రాయను. ఫ్లెక్సీ మీద రాశారు, అందులోనూ ఒక వత్తు ఎగిరిపోయింది.

ఇంకొకటి కూడా చూశాను. ఆ ఫోటో విడిగా తీసింది కాదు. సార్, నేను కలిసి పనిచేసిన ఒక కమిటీ గ్రూప్ ఫోటోలోంచి ఆయనను కత్తిరించి పెట్టారు. ఆయన ఎడమ భుజం పక్కన నీలం చీర కొంగు ముక్క ఒకటి మిగిలిపోయింది. ఆ చీర నాది.

నేను ఈ కాలేజీలో పదహారేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఫాదర్లు నడిపే కతోలిక కాలేజీ మాది. ప్రతి బ్లాక్‌బోర్డు మీద ఒక సిలువ, ప్రతి ఐడీ కార్డు తాడు మీద "సంపూర్ణ మానవ నిర్మాణం" అనే మాట ఉంటాయి. ఆ మాటను మెడకు వేలాడేసుకుని తిరిగేవాళ్లలో దాన్ని చదివినవాడు నాకు తెలిసి ఒక్కడే, మా చరిత్ర సార్. "మానవ నిర్మాణమంట. మేస్త్రీలమా మనం?" అని నవ్వేవాడు. చరిత్ర, తెలుగు, రాజనీతి శాస్త్రం కలిసిన మా బీఏ గదుల వరసకు ఆయన పెట్టుకున్న పేరు వేరే. "మనుషుల డిపార్ట్‌మెంట్" అనేవాడు. ఎవరైనా కామర్స్ బ్లాకు ఎటువైపని అడిగితే, "మనుషుల డిపార్ట్‌మెంట్ దాటినంక ఎడమకు" అని దారి చెప్పేవాడు. కామర్స్ వాళ్లకు ఒళ్లు మండేది.

పొట్టి మనిషి. తల మొత్తం తెలుపు, మీసం మాత్రం నల్లగా నిగనిగలాడేది. "తలకాయ నాది, మీసం మా ఇంటామెది. ఆదివారం ఆదివారం ఆమెనే రంగు వేస్తది" అని అడగకపోయినా చెప్పేవాడు. అరిగిపోయిన చాక్‌పీసు ముక్కలన్నీ ఒక పాత కళ్లద్దాల డబ్బాలో దాచుకుని, గోళ్లు బోర్డుకు గీరుకునే దాకా వాటితోనే రాసేవాడు. ఆ చప్పుడుకు నాకు పళ్లు జివ్వుమనేవి. మరో పిచ్చి, పెళ్లి పత్రికలు. ఎవరింట్లో పెళ్లయినా పత్రిక అడిగి తీసుకుని, దాని మీది ఇంటిపేర్లను నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఆ ఇంటిపేరు ఎట్లా వచ్చిందో వాళ్లను అడిగి పక్కన రాసేవాడు. పెళ్లికి మాత్రం వెళ్లేవాడు కాదు.

నేను చేరిన మొదటి నెలలో స్టాఫ్‌రూమ్‌లో ఒక అమ్మాయి గురించి నోరు జారాను. క్లాసులు ఎగ్గొట్టి సినిమాలకు తిరుగుతోందని అన్నాను. సార్ పేపర్ల మీంచి తలెత్తి కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"చూసి చెప్తాన్నవా అమ్మా, ఇని చెప్తాన్నవా?"

"విన్నాను సార్."

"ఎవరు చెప్పిండ్రు?"

"అందరూ అంటున్నారు."

"అందరు అంటే ఎవ్వరు గాదు. దవాఖానల నాలుగో వార్డుకు పోయి చూసి రా. వాళ్ల అవ్వకు అన్నం తీస్కపోతాంది ఆ పిల్ల."

వెళ్లి చూశాను. వార్డులో మంచం పక్కన కూర్చుని ఆ పిల్ల తల్లికి ముద్దలు కలిపి పెడుతోంది. నన్ను చూసి లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది. నాకు అప్పుడు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. సార్ మళ్లీ దాని ఊసెత్తలేదు.

"చూసి చెప్తాన్నవా, ఇని చెప్తాన్నవా" అనేది ఆయన చరిత్ర పాఠం మొత్తం. మొదటి రోజు క్లాసులో అదే రాసేవాడు, పరీక్షకు ముందు రోజు కూడా అదే. ఒకసారి కాలేజీ చాపెల్‌లో ధ్యానం చెప్పడానికి వచ్చిన ఫాదర్ ఎక్కడో జరిగిన అద్భుతం గురించి కళ్లు మూసుకుని చెబుతుంటే, మూడో బెంచీలోంచి సార్ చెయ్యెత్తాడు. "ఫాదర్, జర ఆగుండ్రి. చూసి చెప్తాన్నరా, ఇని చెప్తాన్నరా?" చాపెల్ అంతా పకపకా నవ్వింది. అవిశ్వాసి అనుకుంటారేమో, కాదు. ధర్మసాగర్ అవతల ఊళ్లో ఉపదేశి కొడుకు ఆయన. తండ్రి ఇంటింటికీ తిరిగి జపాలు నేర్పినవాడు. చర్చిలో ఆదివారం పూజ ఏనాడూ తప్పలేదు. "సువార్త రాసినోళ్లే ఎవరు చూసిండ్రో ఎవరు విన్నరో ఏరుకొని రాసిండ్రమ్మా. మనకేం రోగం?" అని నాతో అన్నాడు.

ఇక ప్రమోషన్ సంగతి.

మూడేళ్ల కింద ఏప్రిల్‌లో సర్క్యులర్ వచ్చింది. హ్యుమానిటీస్ ప్రమోషన్ కమిటీ. కన్వీనర్ చరిత్ర సార్, సెక్రటరీ నేను. జూన్ ఆఖరుకు బీఏలో ముప్పై మంది చేరాలి, లేకుంటే గ్రూపు ఉంచాలో వద్దో ఆలోచిస్తాం అని కింద ఒక లైను. మా ప్రిన్సిపాల్ ఫాదర్ చెడ్డవాడు కాదు. పిల్లలతో బాస్కెట్‌బాల్ ఆడతాడు, ఎవరికి జ్వరమొచ్చినా ఇంటికెళ్లి పలకరిస్తాడు. అందుకే నాకు ఇంకా కంపరం. ఉరితాడును పూలదండలా చుట్టి చేతికివ్వడం మంచివాళ్లకే బాగా తెలుసు.

సార్ ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, "ప్రమోషన్ కమిటీకి నన్ను పెద్దను చేసిండ్రు" అన్నాడు. అవతల భార్యకు వినపడింది ఒకటే మాట. ముప్పై ఏళ్ల కింద లెక్చరర్‌గా చేరి లెక్చరర్‌గానే ఉన్న మనిషికి ప్రమోషన్ వచ్చింది. ఆమె ఆదివారం పూజ అయ్యాక గుడి ముందర కొబ్బరి లడ్డూలు పంచింది. ఆ గుడి చూసుకునే విచారణ ఫాదర్ మైకులో చెప్పాడు. అందరూ వచ్చి చేతులు కలిపారు. సోమవారం సార్ నాకూ కాగితంలో చుట్టి ఒక లడ్డూ తెచ్చాడు.

"ఏంది సార్ విశేషం?"

"నాకు ప్రమోషన్ వచ్చిందంటమ్మా" అని నవ్వి, సంగతంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ నవ్వు ఆపేశాడు. "దానికి ప్రమోషన్ అంటే ఒకటే అర్థం ఎరుక. ముప్పై ఏండ్లు ఎదురుచూసింది. ఇప్పుడు అది గాదని ఏ నోటితోని చెప్పాలె?"

"మరి ఎవరైనా చూసి చెప్తాన్నవా అంటే?" అన్నాను, ఎకసెక్కంగానే.

"గీ ఒక్కటి ఊకో అమ్మా" అన్నాడు.

మే నెలంతా కాలేజీ వ్యాన్‌లో ఊళ్లు తిరిగాం. ఇంటర్ పాసయిన పిల్లల చిట్టా పట్టుకుని నర్సంపేట వైపు కొన్ని రోజులు, ములుగు వైపు కొన్ని రోజులు. మా కంటే ముందే వేరే కాలేజీల వాళ్లు బ్యాగులు, వాటర్ బాటిళ్లు పంచి పోయేవాళ్లు. మా దగ్గర ఒక కరపత్రం ఉంది, దాన్ని కూడా సార్ బయటికి తీసేవాడు కాదు. ఎవరింటికి వెళ్లినా కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. వాకిట్లో కింద కూర్చుని, "మీ ఇంటిపేరు ఎట్ల వచ్చిందవ్వా?" అని మొదలుపెట్టేవాడు. ఎండలో నా తల పగిలిపోయేది. వచ్చిన పనేంటి, ఈయన అడిగేదేంటి అని లోపల తిట్టుకునేదాన్ని.

నర్సంపేట దగ్గర ఒక ఇంట్లో వాకిలి నిండా మిర్చి ఎండబోశారు. తల్లి కుప్ప ముందు కూర్చుని తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. కూతురు గుమ్మంలో నిలబడింది. సార్ కుప్పకు అవతలి పక్క కూలబడి, తానూ తాలు ఏరడం మొదలుపెట్టాడు. నాకు తుమ్ములే తుమ్ములు.

కరపత్రం ఆ అమ్మాయికి నేనే ఇచ్చాను. అది చదివి తల్లికి చెప్పింది. తల్లి చెయ్యి ఆపింది.

"హ్యుమానిటీ అంటే మానవత్వమే గద సారూ. మిషనోళ్లు గతిలేనోళ్లకు పెట్టే సదువేమో. మాకొద్దు. మేం చేస్కొని బతికెటోళ్లం."

నేను గబగబా అందుకోబోయాను. సార్ చెయ్యడ్డం పెట్టి, "ధర్మానికిచ్చే సదువు గాదు తల్లీ. గా పేరు మాకే సక్కగ అర్థం గాలే" అన్నాడు.

"మరి గిది సదివితే ఏమైతది?"

నేను రాసుకొచ్చిన ఉద్యోగ పరీక్షల జాబితా బ్యాగులో ఉంది. సార్ నా వైపు చూడలేదు.

"ఏమైతదో నేను చెప్పలే. అబద్ధమెందుకు. ఒకటి మాత్రం నేర్పుత. రేపు ఎవడన్న కాయితం దెచ్చి సంతకం పెట్టుమంటే, నీ బిడ్డ ముందుగాల గిది రాసిందెవరు, ఎందుకు రాసిండ్రు అని అడుగుతది. అడిగినంకనే పెడుతది."

తల్లి చాలాసేపు కాయలు ఏరింది. తర్వాత, "మా ఆయిన గట్ల అడగకనే పోగొట్టుకున్నడు సారూ, రెండెకరాలు" అంది. "రాసుకో నా బిడ్డ పేరు."

వ్యాన్‌లో నేను సార్‌తో పోట్లాడాను. ఇట్లా అయితే ముప్పై కాదు కదా మూడు కూడా రావన్నాను. ఆయన వేళ్లకు మిర్చి ఘాటు అంటుకుంది, కళ్లు తుడుచుకోబోయి మంట పుట్టించుకున్నాడు. "ఉన్నది చెప్పిన" అన్నాడు అంతే. నెలాఖరుకు ఆయన నోటుబుక్కులో ముప్పై నాలుగు పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కన ఇంటిపేరు కథ కూడా ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

జూన్‌లో పిల్లలు ఆన్‌లైన్‌లో గ్రూపు ఎంచుకోవాలి. అందరికీ అది చేతకాదు కాబట్టి కాలేజీ వాళ్లే కంప్యూటర్ ల్యాబులో హెల్ప్ డెస్క్ పెట్టారు. కీబోర్డు ముందు కామర్స్ లెక్చరర్ ఒకతను, పక్క కుర్చీలో నేను. సార్ అడవి వైపు ఊళ్లలో ఆఖరి విడత తిరుగుతున్నాడు. మిర్చి ఇంటి తల్లి, కూతురు వచ్చారు. ఎర్రటి ఎండలో రెండు బస్సులు మారి వచ్చారు.

"చరిత్ర సార్ గ్రూపు" అంది అమ్మాయి.

"గా గ్రూపు ఉంటదో పోతదో. బీకాం కంప్యూటర్స్ పెట్టుకో, బస్సు పాస్ సేమ్, కాలేజీ సేమ్" అన్నాడు కామర్స్ అతను. అప్పటికే నొక్కడం మొదలుపెట్టాడు.

తల్లి నా వైపు చూసింది. ఆ వాకిట్లో తుమ్మింది నేనేనని గుర్తుపట్టింది. "ఏం జేద్దాం మేడమ్?" అంది.

"మీ ఇష్టమమ్మా" అన్నాను.

ఛీ. ఇన్నేళ్ల నా ఇంగ్లీషు, నా ఎమ్మే, అన్నీ కలిపి ఆ పూట నా నోట్లోంచి ఊడిపడిన మాట అది. ఇంగ్లీషు ఏ గ్రూపుకైనా చెప్పాలి, నా పీరియడ్లకు ఢోకా లేదు. అది నాకు తెలుసు. కామర్స్ అతనికి కూడా తెలుసు, అందుకే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మూడు రోజులు కూర్చున్నాను. సార్ పట్టుకొచ్చిన పిల్లలు మా గేటు లోపలికి బీఏకని వచ్చి, మా ల్యాబులోంచి బీకాంకు బయటికి పోయారు. ముప్పై నాలుగులో పదకొండు మిగిలాయి.

జూలైలో మీటింగ్. ప్లేట్లలో సమోసాలు. తీర్మానం నేనే రాశాను, నా ఇంగ్లీషు మంచిదని. సార్ ఆ కాగితాన్ని వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

"తాత్కాలికంగ ఆపుతాన్నం అని రాసిండ్రు. తాత్కాలికం అంటే ఎన్నొద్దులు ఫాదర్?"

"చూద్దాం సార్. ముందు అడ్మిషన్లు పెరగనివ్వండి" అన్నాడు ప్రిన్సిపాల్ ఫాదర్.

"గ్రూపే లేకుంటే అడ్మిషన్లు ఎట్ల పెరుగుతయి?" అంటే ఫాదర్ సమోసాల ప్లేటు ఆయన వైపు జరిపాడు. సార్ మళ్లీ కాగితం చూశాడు. "గిది రాసిందెవరు?"

"నేను సార్" అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇంగ్లీషు మంచిగుందమ్మా" అని కాగితం నా వైపు జరిపి లేచి వెళ్లిపోయాడు. సమోసా ముట్టలేదు. కన్వీనర్ సంతకం లేకుండా ఎట్లా అని ఎవరో అంటే, సెక్రటరీ సంతకం చాలన్నాడు ఫాదర్. నేను పెట్టాను. ఎందుకు అని అడగలేదు.

తర్వాత సార్‌కు లైబ్రరీ అప్పగించారు. వారానికి రెండు పూటలు బీబీఏ పిల్లలకు విలువల విద్య చెప్పమన్నారు. కళ్లద్దాల డబ్బాలో చాక్‌పీసులు అట్లాగే ఉన్నాయి. ఇంట్లో ఏమీ చెప్పలేదు. రోజూ అదే సంచి, అదే వేళ, అదే మీసం రంగు. నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు. ఒక్కటే తేడా, ఆ మీటింగ్ తర్వాత నన్ను ఏనాడూ "చూసి చెప్తాన్నవా" అని అడగలేదు. నేను ఏది చెప్పినా "అట్లనా" అని ఊరుకునేవాడు. తిట్టినా బాగుండేది. పోయిన ఎండాకాలం గుండె ఆగి పోయాడు.

ఫ్లెక్సీ కట్టిన వారంలోనే, గురువారం, సార్ భార్య ఫోన్ చేసి పిలిచింది. కాజీపేట రైల్వే క్వార్టర్ల వెనక ఇల్లు. లోపలి గదిలో పెళ్లి పత్రికల సంచులు ఇంకా అట్లాగే పేర్చి ఉన్నాయి. ఆమె చాయ ఇచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంది.

"మృతుల పండుగకు సమాధి మీద రాయి పెట్టియ్యాలె మేడమ్. పేరు, తేదీలు రాసిచ్చిన. ఆ ప్రమోషన్ పేరే నాకు నోరు తిరుగుతలేదు. మీరు ఇంగ్లీషోళ్లు గద, సక్కగ రాసియ్యుండ్రి. ముప్పై ఏండ్లకు వచ్చింది, రాతి మీద ఉండాలె."

ఒక పెళ్లి పత్రిక వెనక వైపు తిప్పి, పెన్నుతో నా ముందు పెట్టింది. "కాలేజీల గూడ పెద్ద ఫోటో పెట్టిండ్రట గద" అని కూడా అంది.

రాయొచ్చు. "కన్వీనర్, హ్యుమానిటీస్ ప్రమోషన్ కమిటీ" అనే ఆ నాలుగు మాటలు ఇంగ్లీషులో రాతి మీద ఎంత బాగుంటాయో నాకు తెలుసు. మా ప్రిన్సిపాల్ ఫాదర్ వచ్చి చూసి మెచ్చుకుంటాడు. ఫ్లెక్సీ అయితే వానకు చిరుగుతుంది, ఇది చిరగదు. నా చేతికి ఆ విద్య బాగా వచ్చు. ఆ చేతిని చూసుకుంటే నాకు అసహ్యం వేసింది.

"చరిత్ర సార్" అని తెలుగులో రాసి ఇచ్చాను.

ఆమె చదివింది. తిప్పి చూసింది. "ప్రమోషన్ ఏది?"

"అది ప్రమోషన్ కాదక్కా" అన్నాను.

చెప్పాను. కమిటీ అంటే ఏమిటో, ముప్పై మంది అంటే ఏమిటో, ఆయన లైబ్రరీలో ఎందుకు కూర్చున్నాడో చెప్పాను. హెల్ప్ డెస్క్ సంగతి చెప్పాను. ఆయన లడ్డూ తెచ్చిన రోజు అన్న మాట కూడా చెప్పాను. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ వింది. ఏడవలేదు. అంతా అయ్యాక నా కళ్లలోకి చూసింది.

"చూసి చెప్తాన్నవా, ఇని చెప్తాన్నవా?"

ఆ ఇంట్లో ఆ మాట ఎన్నివేల సార్లు వినపడి ఉంటుందో.

"చూసే చెప్తాన్న అక్కా. సంతకం నేనే పెట్టిన."

ఆమె లేచి నా చేతిలోంచి చాయ గ్లాసు తీసుకుంది. అందులో ఇంకా సగం చాయ ఉంది.